సంతకెళ్ళి, చీకటి పడ్డాక ఇంటికి

శనివారం. రాత్రి పదకొండు దాటింది.

మా ఆవిడకి ఈ వీకెండ్ ఆన్ కాల్ డ్యూటీ, పొద్దున ఆరింటికే హాస్పిటల్‌కి వెళ్ళిపోయింది, కాబట్టి రోజంతా నేనూ పాపే. అక్టోబరు కదా, ఎనిమిదైనా పొగమంచు వదల్లేదు, ఎదురింటి మెయిల్‌బాక్స్ కూడా కనపడలా. తొమ్మిది దాటాక మొత్తం విడిపోయి కొండలు బయటపడ్డాయి, మేపుల్ చెట్లు ఎరుపు, హికరీలు పసుపు. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా అమ్మ ఒకటే మాట, "బానే ఉంది గానీ అక్కడ కూరగాయలు దొరుకుతున్నాయా?"

దొరుకుతాయమ్మా. అబింగ్డన్‌లో మంగళవారం, శనివారం ఫార్మర్స్ మార్కెట్ ఉంటుంది, నేను సంత అనే అంటా. 8 వేల చిల్లర జనాభా ఉన్న టౌను, వర్జీనియాకి నైరుతి మూల, ఇంకాస్త ముందుకెళ్తే టెనెసీ. పెద్ద ఇండియన్ గ్రోసరీ కావాలంటే రెండు గంటలు డ్రైవ్ చేసి నాక్స్‌విల్ పోవాలి, అందుకని వారానికి సరిపడా కూరగాయలు ఇక్కడే. ఇప్పుడు ఆపిల్స్, గుమ్మడికాయలు, ఇంకా కొత్త సోర్గమ్ సీసాలు వచ్చాయి, తీపి జొన్న కాడల్ని గానుగలో ఆడి ఆ రసాన్ని వెడల్పాటి పెనంలో గంటలకొద్దీ కాచిన పాకం అది, పాప దాన్ని దోసెల్లోకి కూడా వదలదు.

ఒకామె, డెబ్బై దాటి ఉంటాయి, బల్ల చివర ఎండు బీన్స్ దండలు వేలాడదీసింది. పచ్చికాయలకి రెండు పక్కలా పీచు లాగేసి, సూదీ దారంతో నడుమ గుచ్చి, వరండాలో కట్టి ఎండబెడతారు, కొన్ని వారాలకి ముడుచుకుపోయి ఖాకీ రంగుకొస్తాయి, చేత్తో కదిపితే గలగలమంటాయి. అచ్చం తెనాలిలో అమ్మమ్మ డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టే గోరుచిక్కుడు ఒరుగులే, కాకపోతే అమ్మమ్మ నూనెలో వేయించి పప్పన్నంలోకి పెట్టేది, వీళ్ళు రాత్రంతా నానబెట్టి ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్కేసి పొద్దుణ్ణించి సాయంత్రం దాకా సన్న సెగ మీద ఉడికిస్తారు. ఈ విత్తనం వాళ్ళ నాయనమ్మ దగ్గర్నుంచి వస్తోందట, కొట్లో కొన్నది కాదు, ఏటా కొన్ని కాయలు విత్తనానికే వదిలేస్తారట.

సరే ఒక దండ కొన్నా. డబ్బులిచ్చి కదుల్దామంటే ఎక్కడ కుదురుతుంది. ఎక్కడుంటారు, ఏ చర్చికెళ్తారు, మీవాళ్ళెవరు, ఎంతమంది పిల్లలు. టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉన్నప్పుడు లిఫ్టులో మన తెలుగువాళ్ళే ఎదురుపడినా ఫోన్లోకి తల దూర్చేవాళ్ళు, నేనూ దూర్చేవాణ్ణే. ఇక్కడ ఆ వేషాలు కుదరవు. మా ఆవిడ హాస్పిటల్‌లో డాక్టరని చెప్పగానే ఆమె సంచి పక్కన పెట్టేసి "ఊపిరితిత్తుల డాక్టరమ్మ మొగుడివా నువ్వు, మా తమ్ముణ్ణి చూసేది ఆవిడే" అని మొదలుపెట్టి ఆ తమ్ముడు గనిలో ఏ వయసులో దిగాడు, ఇప్పుడు మెట్లు ఎక్కేటప్పుడు ఎన్ని చోట్ల ఆగుతున్నాడు, వాళ్ళ మరదలు ఎంత గయ్యాళి, అన్నీ చెప్పింది. మా ఇంట్లో తను పేషెంట్ల గురించి ఒక్క ముక్క మాట్లాడదు, మాట్లాడకూడదు కూడా, కానీ ఆ రూలు ఊరికి లేదుగా. సంతలో నిలబడితే చాలు, సగం ఓపీ నాకే వినపడుతుంది.

నవ్వుకుంటూ రాస్తున్నా గానీ ఆ జబ్బు నవ్వే విషయం కాదు. బ్లాక్ లంగ్, గనిలో దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు. ఎప్పుడో తగ్గిపోయిందనుకున్నది మళ్ళీ వచ్చింది, 2013 నుంచి 2017 దాకా ఈ నైరుతి వర్జీనియాలో మూడు క్లినిక్‌లలోనే బాగా ముదిరిన రకం కేసులు 416 బయటపడ్డాయి. మందపాటి బొగ్గు పొరలు అయిపోయి, సన్నటి పొరల కోసం రాయిని కూడా కోస్తున్నారు, ఆ రాతిలో ఉండే సిలికా దుమ్ము బొగ్గు దుమ్ము కన్నా చాలా ఘోరం. వచ్చేవాళ్ళంతా ముసలాళ్ళు కూడా కాదు. ఇక్కడికి వచ్చి నిలబడే డాక్టర్లు తక్కువ, బయటి దేశాల నుంచి జె1 వీసా మీద వచ్చి రెసిడెన్సీ, అంటే డాక్టర్ ట్రైనింగ్, చేసినవాళ్ళు వెంటనే వెనక్కి పోకుండా ఉండాలంటే ఇలాంటి చోట మూడేళ్ళు చెయ్యాలి కాబట్టి ఈ కొండల్లో చాలా హాస్పిటళ్ళలో ఒక రావుగారో రెడ్డిగారో ఉంటారు. మేమూ అలాగే వచ్చాం. మూడేళ్ళు అయిపోయాయి, ఇంకా ఉన్నాం, ఎందుకంటే ఏం చెప్తాం.

పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాయనది డమాస్కస్, ఇక్కడికి పదిహేను మైళ్ళు. పైన వైట్‌టాప్ నుంచి డమాస్కస్ మీదుగా అబింగ్డన్ దాకా పాత రైలు దారినే సైకిల్ దారి చేశారు, క్రీపర్ ట్రైల్ అంటారు, వ్యాన్లో సైకిళ్ళు పైకి తీసుకెళ్ళి వదిలేస్తే పెడల్ తొక్కక్కర్లేకుండా కిందికి వచ్చెయ్యొచ్చు, ఆ ఊరు సగం దాని మీదే బతికేది. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫానుకి డమాస్కస్‌కి పైనున్న భాగం వంతెనలతో సహా కొట్టుకుపోయింది. తుఫానంటే మన దివిసీమలో రావాలి గానీ సముద్రానికి ఇన్ని వందల మైళ్ళ అవతల ఈ కొండల్లో ఏంటో. ఆయన మాత్రం సైకిళ్ళు రిపేరు చేసుకుంటూ కూర్చున్నానన్నాడు, కింద అబింగ్డన్ వైపు దారి బానే ఉంది, జనం వస్తారులే అన్నాడు. నాకైతే ఆ మాటలో ధైర్యం కన్నా మొండితనం ఎక్కువ వినపడింది.

వచ్చేటప్పుడు రోడ్డు మీద ఎదురుగా శవయాత్ర. ముందు పోలీసు కారు, వెనక హెడ్‌లైట్లు వేసుకుని వరసగా కార్లు. అటువైపు పోయేవాళ్ళు సరే, ఇటువైపు నుంచి పోతున్న మా కార్లన్నీ కూడా పక్కకి తీసి ఆపేశాయి, చనిపోయిందెవరో ఇందులో సగం మందికి తెలీదు. నా ముందు పికప్ ట్రక్కు కుర్రాడు పాట కట్టేసి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎందుకాగాం నాన్నా" అంది పాప. చెప్పా. "ఎవరూ హారన్ కొట్టలేదే" అంది, దానికి అదే వింత.

సాయంత్రం పక్కింటి పెద్దాయన వచ్చి "హిల్టన్స్ పోదాం వస్తారా" అన్నాడు, అదో చిన్న ఊరు. ఈయన బుకానన్ కౌంటీలో ముప్పై ఏళ్ళు గనిలో చేసి రిటైరయ్యాడు, పాప తాతా అని తెలుగులోనే పిలుస్తుంది, ఆయన పలుకుతాడు. శనివారం రాత్రిళ్ళు అక్కడ కార్టర్ ఫోల్డ్ అని ఒక చెక్క షెడ్డులో పాటకచేరీ. కార్టర్ ఫ్యామిలీ అంటే 1927లో బ్రిస్టల్‌లో విక్టర్ కంపెనీ వాళ్ళకి పాడి రికార్డులిచ్చినవాళ్ళు, వాళ్ళలో ఏ.పీ. కార్టర్ ఈ కొండల్లో ఇల్లిల్లూ తిరిగి పాటలు పోగేశాడు, ఆయనతో తిరిగిన లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వరసలు గుర్తుపెట్టుకునేవాడు, ఈయన మాటలు రాసుకునేవాడు. కూతురు జానెట్ 1974లో ఈ కచేరీలు మొదలుపెట్టింది. మందు లేదు, కరెంటు గిటార్లు లేవు, ఆ గిటార్ల రూలు ఒక్క జానీ క్యాష్ అనే పెద్ద గాయకుడికే సడలించారని చెప్తారు, కార్టర్ల ఇంటి అల్లుడు కదా మరి. ఆయన ఆఖరుసారి జనం ముందు పాడింది కూడా ఇక్కడే, 2003 జులైలో.

లోపల పాత సీట్లు, సూప్ బీన్స్, కార్న్‌బ్రెడ్ వాసన. బాంజో మొదలవగానే ఎనభై ఏళ్ళావిడ ఒకామె కర్ర కుర్చీకి ఆనించి లేచింది. నడుం పైన కదలదు, చేతులు కిందికే ఉంటాయి, పాదాలు మాత్రం నేలకి అంగుళం ఎత్తులో చకచకా, మడమ, మునివేళ్ళు, మడమ. బూటు అడుగున ఇనుప రేకు, చెక్క నేల మీద ఆ చప్పుడే తాళం. పాప నన్నొదిలేసి వెళ్ళి ఆవిడ పక్కన ఎగరడం మొదలుపెట్టింది, ఆవిడ ఆపి, మెల్లగా కాలు ఎలా వెయ్యాలో రెండుసార్లు చూపించింది. పెద్దాయన రెండు పాటలు ఆడి వచ్చి కూర్చుని చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. నేనేం అడగలేదు. ఆయనే "మీ ఆవిడకి చెప్పకు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు హిల్టన్స్ దాటేదాకా సిగ్నల్ లేదు, వచ్చాక మా ఆవిడ మిస్డ్ కాల్స్ ఆరు. పాప దారంతా ఆ బూట్ల గొడవే, నాకూ కావాలి, రేపే కావాలి. ఇప్పుడు ఇలాంటివి ఎక్కడ అమ్ముతారో నాకేం తెలుసు అంటే పెద్దాయన మామూలు బూట్లకే రేకులు కొట్టిస్తే సరిపోతుందన్నాడు, ఆ పని తెలిసినవాడొకడు తనకి తెలుసట, పాప సైజు అడిగి గ్లవ్ బాక్స్‌లోంచి పెట్రోల్ బంకు రసీదు తీసి వెనక రాసుకున్నాడు.