హిల్స్ రోడ్డు నుంచి రౌండ్‌హౌస్ దాకా

కేంబ్రిడ్జి స్టేషన్‌కి అక్క ఎదురొచ్చింది. "ముందు కింగ్స్ కాలేజీ చూద్దామా?" అంది. "కాదక్కా, ముందు హిల్స్ రోడ్డు" అన్నాను. ఆసుపత్రి డ్యూటీకి తను రోజూ వెళ్ళే దారి అది. అక్కడ చూడటానికి ఏముందో తనకు అర్థం కాలేదు.

వరంగల్ హాస్టల్లో ఒక సీనియర్ గదిలో ఇంగ్లండ్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ క్యాసెట్ మొదటిసారి విన్నాను. లోకమంతా మెచ్చుకునేది 1973 నుంచి వచ్చిన వాళ్ళ సంగీతాన్నే. నాకు మాత్రం సిడ్ బారెట్ పాటలు రాసిన ఆ మొదటి రోజులంటేనే ప్రాణం. ఆ రోజుల మూలం ఈ రోడ్డే.

సిడ్ అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. హిల్స్ రోడ్డు మీద ఉన్న మగపిల్లల హైస్కూల్లో సిడ్ కంటే రెండేళ్ళు ముందు చదివాడు, తర్వాత అదే బ్యాండులో ఉన్న రోజర్ వాటర్స్. ఆ తర్వాత బ్యాండులో చేరిన డేవిడ్ గిల్మోర్ చదివిన పర్స్ స్కూలు కూడా ఈ రోడ్డు మీదే ఉంది. వాటర్స్ నాన్న 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి పిల్లాడికి ఆరు నెలలు కూడా నిండలేదు. సిడ్‌కి పదహారేళ్ళు నిండబోతుండగా వాళ్ళ నాన్న జబ్బుతో పోయాడు. ఈ సంగతి చెప్పినప్పుడు అక్క నడక ఆపి స్కూలు వైపు చూసింది. ఇప్పుడది ఇంటర్ చదివే పిల్లల కాలేజీ. సైకిళ్ళ మీద గుంపులు గుంపులుగా పిల్లలు బయటికొస్తున్నారు. సిడ్ వాళ్ళ ఇల్లు కూడా దగ్గర్లోనే ఉంది. అందులో ఇప్పుడెవరో కాపురం ఉంటున్నారు. ఫోటో తీయబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం కామ్ నది పక్కన గ్రాంట్‌చెస్టర్ పచ్చిక బయళ్ళకు నడిచాం. వాటర్స్ ఈ బయళ్ళ పేరుతోనే 1969లో ఒక పాట చేశాడు. అందులో గిటారు వెనక పిట్ట కూత వినిపిస్తూనే ఉంటుంది. హాస్టల్లో అదేదో ఊహాలోకం అనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక తెలిసింది, అది ఉన్నదున్నట్టు చెప్పిన పాట. ఆవులు మేస్తున్నాయి, నీళ్ళు చప్పుడు లేకుండా పారుతున్నాయి. అరగంట సేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడు లండన్. రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో వాటర్స్, నిక్ మేసన్, రిక్ రైట్ ఆర్కిటెక్చర్ చదువుతూ కలిశారు. ఆ భవనంలో ఇప్పుడు వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీ ఉంది. బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి 1964లో లండన్ వచ్చిన సిడ్ వీళ్ళతో చేరాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి బ్యాండుకి పేరు పెట్టింది కూడా అతనే. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో వాళ్ళు వాయించిన యూఎఫ్ఓ క్లబ్బు ఉన్న భవనం ఇప్పుడు లేదు. 1966 డిసెంబర్‌లో ఒక ఐరిష్ డాన్స్ హాల్లో మొదలైన క్లబ్బు అది.

రౌండ్‌హౌస్ మాత్రం నిలబడి ఉంది. 1847లో రైలింజన్లను తిప్పి నిలపడానికి కట్టిన గుండ్రటి షెడ్డు. 1966 అక్టోబర్ 15 రాత్రి ఒక పత్రిక ప్రారంభం కోసం ఇక్కడ వాయించారు. ఆ రోజుల్లో వాళ్ళ లైట్లు ఎలా ఉండేవో అక్కకి చెప్పాను. గాజు స్లయిడ్ల మధ్య రంగులు, నూనెలు పోసి ప్రొజెక్టర్ వేడికి పెట్టేవాళ్ళు. వేడికి రంగులు కదిలి, పొంగి, మనుషుల మీద పాకేవి. సిడ్ గిటారుకి గుండ్రటి అద్దాలు అతికించుకున్నాడు. సిగరెట్ లైటర్‌ని తీగల మీద జరిపి, ఆ శబ్దాన్ని ఎకో యంత్రంలోంచి పంపేవాడు. ఖరీదైన సామాను కాదు అదంతా. వినని శబ్దం వినాలన్న ఆరాటం.

అబ్బే రోడ్డు స్టూడియోల ముందు, బీటిల్స్ బ్యాండు ఆల్బమ్ అట్ట మీద కనిపించే జీబ్రా క్రాసింగ్ దగ్గర వాళ్ళ అభిమానుల రద్దీ. 1967లో పక్క స్టూడియోలో బీటిల్స్ పని చేస్తుండగానే పింక్ ఫ్లాయిడ్ ఇక్కడ మొదటి ఆల్బమ్ రికార్డు చేసింది. పదకొండు పాటల్లో ఎనిమిది సిడ్ ఒక్కడే రాసినవి. ఆ ఆగస్టులో ఆల్బమ్ వచ్చింది. ఆ ఏడాది చివరికే ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు వాడకంతోపాటు అతని మనసూ అదుపు తప్పింది. స్టేజీ మీద గిటారు పట్టుకుని వాయించకుండా నిలబడిపోయేవాడు. 1968 జనవరిలో పాత స్నేహితుడు గిల్మోర్ వచ్చి చేరాడు. ఏప్రిల్‌లో సిడ్ వెళ్ళిపోయినట్టు ప్రకటించారు. కేంబ్రిడ్జిలో భోజనం వేళల్లో ఇద్దరూ కలిసి గిటారు సాధన చేసినవాళ్ళు. ఆ కుర్రాడి చోట నిలబడటం గిల్మోర్‌కి ఎంత భారంగా ఉండి ఉంటుందో అనిపిస్తుంది నాకు.

చివరికి సిడ్ కేంబ్రిడ్జికే తిరిగొచ్చి, బొమ్మలు వేసుకుంటూ, తోట పని చేసుకుంటూ బతికాడు. 2006లో అక్కడే పోయాడు.

రాత్రి రైల్లో అక్క చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేముందు అంది: "నా బస్సు రోజూ ఆ స్కూలు ముందు నుంచే వెళ్తుందిరా. రేపు పొద్దున ఆ పాటలు ఫోన్‌లో పెట్టివ్వు."