చింక్వే తెర్రేలో రాళ్ళ గట్లు

నేను వెర్నాజాలో దిగాలి. దిగలేదు. రైలు ఆగింది కానీ కిటికీలోంచి చూస్తే సొరంగం గోడ తప్ప ఇంకేమీ కనబడలేదు. సిగ్నల్ కోసం ఆగిందేమోలే అనుకుని కూర్చున్నాను. తలుపులు మూసుకుని రైలు కదిలాక, ముందు పెట్టెల్లోంచి దిగినవాళ్ళు ఎండలో ప్లాట్‌ఫాం మీద నడుస్తూ కనిపించారు. సముద్రానికీ కొండకీ మధ్య అంత పొడవు స్టేషన్ కట్టే చోటు లేక, ప్లాట్‌ఫాంలో కొంత భాగం సొరంగంలోనే ఉంటుందట. పక్కన ఎవరైనా ఉంటే చెప్పేవాళ్ళేమో. తిట్టేవాళ్ళు కూడా. ఒక్కదాన్నే వచ్చాను కాబట్టి నాలో నేనే నవ్వుకుని తరువాతి స్టేషన్ మోంటెరొస్సోలో దిగాను. అది ఐదు ఊళ్ళలో చివరిది.

చింక్వే తెర్రే అంటే ఐదు నేలలు. ఇటలీ వాయవ్యాన లిగూరియా తీరంలో రియొమజ్జొరే, మనరోలా, కొర్నీలియా, వెర్నాజా, మోంటెరొస్సో అని ఐదు చిన్న ఊళ్ళు. సెప్టెంబర్ చివర్లో మూడు రోజులు సెలవు దొరికితే మ్యూనిక్ నుంచి పీసాకు వచ్చి, అక్కడి నుంచి రైల్లో లా స్పెజియా చేరి గది తీసుకున్నాను. ఇక్కడి జాతీయ పార్కు వాళ్ళ కార్డు కొంటే రోజంతా ఈ ఊళ్ళ మధ్య ఎన్నిసార్లయినా రైలెక్కవచ్చు, టికెట్ పెట్టిన కాలిబాటల్లోనూ నడవవచ్చు.

మోంటెరొస్సోలో పొద్దున్నే ఆకలేసింది. ఒక చిన్న కొట్లో పెద్ద గుండ్రటి రాగి పళ్ళెంలోంచి పచ్చగా కోసి ఇస్తున్నారు. ఫరినాతా అన్నారు. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. అంటే మన శనగపిండి అట్టే, కాకపోతే పెనం మీద కాక పొయ్యిలో పెట్టి కాల్చింది. ఒక పచ్చిమిరపకాయ, కాస్త ఉల్లిపాయ పడి ఉంటే ఇంకా బాగుండేది. ఈ ఊరు చిన్న చేపలకు కూడా పేరు. మన కోస్తావాళ్ళు నెత్తళ్ళు అంటారే, అలాంటివి. ఉప్పులో ఊరేసి సీసాల్లో అమ్ముతున్నారు. బ్యాగులో పగిలితే బట్టలన్నీ ఏమవుతాయో తలుచుకుని కొనలేదు.

దాటిపోయిన వెర్నాజాకు రైల్లో వెనక్కి పోవచ్చు. కానీ కొండ మీదుగా కాలిబాట ఉంది, మూడున్నర కిలోమీటర్లు. రెండు గంటలు పడుతుందన్నారు. నాకు మూడు పట్టింది. మొదట్లో అన్నీ మెట్లే, అవీ ఒక కొలత లేని రాతి మెట్లు. ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. పక్కన నిమ్మతోటలు, పైన ద్రాక్షపందిళ్ళు, కింద ఎక్కడో సముద్రం. ఒక మలుపు దగ్గర ఎదురొచ్చేవాళ్ళకు దారివ్వడానికి గోడకు ఆనుకున్నాను. అప్పుడు చూశాను ఆ గోడని.

సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి. పెద్దవాటి సందుల్లో చిన్నవి కుక్కి, నడుమెత్తున గోడ. దాని వెనక నాలుగడుగుల నేల, అందులో ద్రాక్ష. దానిపైన ఇంకో గోడ, ఇంకో నాలుగడుగులు. అలా కొండ నెత్తి దాకా. నిట్టనిలువు కొండని వందల ఏళ్ళపాటు మనుషులు చేతులతో ఇలా మెట్లు మెట్లుగా చేశారు. సందుల్లోంచి వాననీళ్ళు కారిపోతాయి కాబట్టి గోడ ఉబ్బి పగలదు. ఈ తీరాన్ని 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఊళ్ళతో పాటు ఈ మెట్ల పొలాలనూ లెక్కలోకి తీసుకుంది. 2018లో ఇలా రాళ్ళు పేర్చే పనితనాన్ని కూడా, ఇటలీతో సహా ఎనిమిది దేశాల పేరున, ఇంకో జాబితాలో చేర్చారు. అనంతపురం జిల్లాలో మా జేజినాయన చెనిక్కాయ చేలో ఏరిన రాళ్ళతో గట్టు పెట్టేవాడు, అచ్చం ఇలాగే. అది పనితనమని ఎవరైనా అంటే పైపంచెతో మొహం తుడుచుకుని నవ్వి ఉండేవాడు.

ఇంకొంచెం పైకి పోతే గోడ ఒకచోట కూలి, ఒక ముసలాయన దాన్ని మళ్ళీ పెడుతున్నాడు. చేతిలో సుత్తి, పక్కన రాళ్ళ కుప్ప. "బొంజోర్నో" అన్నాను. నాకొచ్చిన ఇటాలియన్ అంతటితో సరి. ఊరికే నిలబడలేక ఒక రాయి తీసి అందించాను. తీసుకుని అటూ ఇటూ తిప్పి, తల అడ్డంగా ఊపి, కుప్పలో పడేశాడు. రెండోదీ అంతే. మూడోది తిప్పి చూసి, చదునుగా ఉన్న వైపు బయటికి పెట్టి, సుత్తితో ఒక్కటి కొట్టాడు. కూర్చుంది. "రాయికి మొగం ఉంటాది, చూసి పెట్టల్ల" అనేవాడు జేజినాయన. అంతకుముందు అదంతా జేజినాయన చాదస్తం అనుకునేదాన్ని.

వెర్నాజా ఆ బాటలోంచే ముందు కనబడుతుంది: చిన్న రేవు, నీళ్ళను ఆనుకునే చర్చి, కోట బురుజు. కిందికి దిగితే జనం, ఐస్‌క్రీం, సెల్ఫీలు. 2011 అక్టోబర్ 25న కుండపోత వాన పడి, కొండ మీది మట్టీ రాళ్ళూ ఈ వీధిలోకే దిగాయి. మోంటెరొస్సోదీ అదే గతి. చూసేవాళ్ళు లేక వదిలేసిన గోడలు కూడా ఆ నష్టాన్ని పెంచాయంటారు. పడవల దగ్గర కూర్చుని కొండవైపు చూస్తే, బాగున్న గోడలకూ కూలిన గోడలకూ తేడా ఇప్పుడు నాకు తెలుస్తోంది. కూలినచోట పొదలు పెరిగి, గీతలు చెరిగిపోయి ఉంటాయి.

కొర్నీలియా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఊరు కొండ కొమ్మున, స్టేషన్ కింద. మధ్యలో 380 దాకా మెట్లు. బస్సు ఉందని మెట్లన్నీ ఎక్కేశాక తెలిసింది.

మనరోలా చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇక్కడినుంచి రియొమజ్జొరేకి సముద్రం అంచున ఒక బాట ఉంది, పేరు ప్రేమ బాట. 2012లో రాళ్ళు పడి మూసేస్తే, మళ్ళీ 2024లో తెరిచారు. దానికి ముందుగా టైం బుక్ చేసుకోవాలి, నేను చేసుకోలేదు. ఒంటరిగా ఆ బాటలో నడిచి చేసేదేముందిలే అనుకుని ఊరుకున్నాను. అందరూ ఎదురుగా కొండ అంచున చేరి రంగురంగుల ఇళ్ళని ఫోటోలు తీస్తున్నారు. నేనూ రెండు తీశాను. ఊరి వెనక ద్రాక్షతోటల్లో, కోసిన పళ్ళను మోసుకురావడానికి ఒకే పట్టా మీద నడిచే బొమ్మలాంటి బండి ఉంది. అది మలుపు తిరిగి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

రాత్రి గదికి వచ్చి అమ్మకు ఫోటోలు పంపితే వెంటనే ఫోన్ చేసింది.

"ఒక్కదానివే పోయినావా తల్లీ? అన్నం తింటివా?"

"తిన్న్యా లేమ్మా. ఫోటోలు చూసినావా?"

"చూస్తి. ఆ ఇండ్లు బాగుండాయి. ఎవురో ముసలాయప్ప గట్టు పెడతాండాడే, ఆయనెవరు?"

"ఎవరో, నాకూ తెలీదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అంది, "మన చేని గట్టు పోయినేటి వానకు పడిపాయ. మీ నాయన పెట్టిస్తామంటే మనుషులు దొరకల్యా."