చైన్‌కి తెలుగులో ఏమంటారు?

"బోరింగ్ నాన్నా, యూ గో" అన్నాడు మా పదకొండేళ్లవాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. సరేనని శనివారం తెల్లారకముందే సైకిల్ని కారు వెనక తగిలించుకుని న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ నుంచి ఒక్కణ్ణే బయల్దేరాను. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి. స్ట్రాస్‌బర్గ్‌లో కారు ఆపి సైకిలెక్కాను.

ఆమిష్ రైతుల ఊళ్లు అవి. ఆమిష్ అంటే కార్లు కొనకుండా గుర్రబ్బళ్ల మీదే తిరుగుతూ పాతకాలం పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖవాళ్లు. పొగాకు చేలు, మొక్కజొన్న, కంచరగాడిదలు కట్టిన అరకలు. నెమ్మదిగా వెళ్లే బండి అని తెలియడానికి వెనక నారింజరంగు త్రికోణం తగిలించుకున్న బూడిదరంగు బగ్గీలు. రోడ్డంతా గుర్రపు లద్దె, దాన్ని తప్పించుకుంటూ తొక్కడమే ఒక విద్య. అక్కడి పిల్లలు సైకిలెక్కరు, పెద్ద చక్రాల స్కూటర్‌ని కాలితో నెట్టుకుంటూ నన్ను దాటేసి పోయారు. పరువు పోయింది.

ఒక ఇంటి ముందు బల్లమీద పచ్చళ్ల సీసాలు కనబడితే ఆగాను. ఎనిమిదేళ్లుంటాయేమో, తెల్లటి టోపీ పెట్టుకున్న అమ్మాయి నాకు ధర ఇంగ్లీషులో చెప్పింది. వెంటనే తమ్ముడి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. వాడు లోపలికి పరిగెత్తి చిల్లర తెచ్చాడు. పెన్సిల్వేనియా డచ్ అంటారు దాన్ని. పేరు డచ్చే గాని అది జర్మన్ యాస. 18వ శతాబ్దంలో వాళ్ల ముత్తాతలు మోసుకొచ్చింది ఇంకా ఇంట్లో తిరుగుతోంది. తమాషా ఏంటంటే, ఆమిష్ కానివాళ్లంతా వాళ్లకి 'ఇంగ్లీషు'వాళ్లే. తెనాలి వాణ్ణి, నేను కూడా!

నాకు ఈర్ష్య పుట్టిన మాట నిజం. కానీ వాళ్ల బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు కూడా అది వాళ్ల మతస్వేచ్ఛ అని ఒప్పుకుంది. తెలుగు కోసం మావాణ్ణి ఎనిమిదితో మాన్పిస్తానా? చచ్చినా మాన్పించను.

అయినా, మిగతా పదిహేను మైళ్లూ ఆ చిల్లర సంగతే బుర్రలో తిరిగింది. ఆ అమ్మాయి తమ్ముడికి వాళ్ల భాషలో ఒక పని చెప్పింది, వాడు చేశాడు. మా ఇంట్లో తెలుగు ఎప్పుడు వినబడుతుంది? తిన్నావా, పళ్లు తోముకో, ఆ ఫోన్ పక్కన పెట్టు. వీటికి వాడు తెలుగులో మాత్రం ఏం బదులు చెప్తాడు? ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు గడగడా చెప్తాడు, ఇంటికొచ్చాక వాటితో పనే ఉండదు.

సాయంత్రం గరాజ్‌లో సైకిల్ తిరగేసి పెట్టి వాణ్ణి పిలిచాను. "నేను తుడుస్తా, నువ్వు పెడల్ తిప్పు. మెల్లగా." తిప్పాడు. చెయ్యంతా నల్లగా అయింది. కాసేపాగి అడిగాడు:

"నాన్నా, చైన్‌కి తెలుగులో ఏమంటారు?"

"చైనే."

"అంతేనా?" అని నవ్వాడు. "ఐతే నాకు వచ్చు."