ఒక్క లెన్స్ కోసం నాలుగు నెలలు

నికాన్ జెడ్5 కెమెరా కొన్నప్పుడు దాంతో పాటు 24-50 కిట్ లెన్స్ వచ్చింది. ఆ అంకెలు ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో: చిన్నదైతే వెడల్పుగా చూపిస్తుంది, పెద్దదైతే దూరపువాటిని దగ్గర చేస్తుంది. 195 గ్రాములే, అరచేతిలో ఇమిడిపోతుంది. పగటి వెలుతురులో ఫొటోలు కూడా బాగానే వచ్చేవి. కానీ అది 50 దగ్గర ఆగిపోతుంది, అక్కడికి వెళ్లేసరికి ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్6.3కి పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). మా పాప స్కూల్ యాన్యువల్ డేకి మూడో వరుసలో కూర్చున్నా, స్టేజీ మీదున్న తన మొహం దగ్గరగా తీయలేకపోయాను. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, రోజూ కెమెరాకే ఉండిపోయే మంచి జూమ్ లెన్స్ ఒకటి కొనాలని. బ్యాగులో మూడు లెన్సులు మోసుకుని, గుడి మెట్ల మీద కూర్చుని మార్చుకునే ఓపిక నాకు లేదు. పైగా కాలేజీ, ఇల్లు, పిల్లలు. కెమెరా చేతిలోకి వచ్చేదే ఆదివారాలు, పండగలు.

నికాన్ జెడ్ మౌంట్‌లో, అంటే నా కెమెరాకి బిగించగలిగే లెన్సుల్లో, నా ముందు నిలిచినవి ఐదు. 24-70 ఎఫ్4, 24-70 ఎఫ్2.8, 28-75 ఎఫ్2.8, 24-120 ఎఫ్4, 24-200. ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. పెళ్లిళ్లు తీసే తమ్ముడు "2.8 లేకపోతే దండగ అక్కా" అన్నాడు. ట్రెక్కింగ్‌లకు వెళ్లే కొలీగ్ 24-200 తప్ప ఇంకేదీ వద్దన్నారు. ఇద్దరి మాటా నిజమే, వాళ్ల పనికి. నా పనేంటో నాకే సరిగ్గా తెలియదని అప్పుడు అర్థమైంది.

అది తెలుసుకోవడానికి పాత ఫొటోలు తెరిచాను. అంతకుముందు ఆరేళ్లు నా దగ్గర నికాన్ డి5300 కెమెరా, 18-140 లెన్స్ ఉండేవి. ప్రతి ఫొటోలోనూ ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశామో రాసి ఉంటుంది. లైట్‌రూమ్ అనే ఫొటో ప్రోగ్రామ్‌లో మెటాడేటా (ఫొటోతో పాటు నమోదయ్యే వివరాలు) ఫిల్టర్ పెడితే ఏ నంబరు దగ్గర ఎన్ని తీశామో వరసగా కనిపిస్తుంది. లైట్‌రూమ్ లేనివాళ్లు ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కూడా చూసుకోవచ్చు. నేను దాచుకున్నవి దాదాపు 4,200 ఫొటోలు. అది చిన్న సెన్సర్ కెమెరా కాబట్టి ప్రతి అంకెనూ ఒకటిన్నరతో గుణించుకున్నాను. 18 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే జెడ్5కి ఉన్న పెద్ద సెన్సర్‌లో, 27; 85 అంటే సుమారు 127.

మూడో వంతు ఫొటోలు సరిగ్గా 18 దగ్గరే ఉన్నాయి. అంటే లెన్స్ అంతకంటే వెడల్పు చూపించలేక అక్కడ ఆగిపోయిందన్నమాట. హన్మకొండలో మా అమ్మవాళ్ల ఇంట్లో, చిన్న హాల్లో, గోడకు వీపు ఆనించి తీసినవే వాటిలో ఎక్కువ. ఇంకో పెద్ద గుంపు 50కీ 85కీ మధ్య ఉంది: పిల్లల మొహాలు, శిల్పాలు, సంతలో మనుషులు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది 75 నుంచి 127. ఇక 100 దాటి తీసినవి పన్నెండింటికి ఒకటి కూడా లేవు. ఆ కాసిని ఫొటోల్లో సగం పిట్టలవి, అవి కూడా సరిగ్గా రాలేదు.

ఒక సాయంత్రం చేసిన ఈ లెక్క నాకు అన్నాళ్లూ చూసిన వీడియోల కంటే ఎక్కువ చెప్పింది. 24-200లో చివరి భాగం నేను వాడేది కాదు. పైగా అది 100 చేరకముందే ఎఫ్6.3కి వచ్చేస్తుంది, నేను ఎక్కువగా తీసే మొహాల దగ్గరే వెలుతురు తగ్గిపోతుంది. 28-75 అయితే 28తో మొదలవుతుంది. 24కీ 28కీ తేడా నాలుగే కదా అనిపిస్తుంది గానీ, 24 దగ్గర లెన్స్ చూసే కోణం 84 డిగ్రీలు, 28 దగ్గర 75. చిన్న గదిలో ఆ తొమ్మిది డిగ్రీల్లో ఒక మనిషి ఫ్రేమ్ బయటికి పోతారు. 24-70లు రెండూ నా రెండో గుంపు మొదలయ్యే చోటికి రాకముందే ఆగిపోతాయి. ఎఫ్2.8దైతే 805 గ్రాముల బరువు, ధర కూడా నా బడ్జెట్ దాటిపోయింది.

అయినా 2.8 మీద ఆశ చావలేదు. ఎఫ్4తో పోలిస్తే రెట్టింపు వెలుతురు, అది చిన్న విషయం కాదు. అందుకే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు లెన్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్లి 28-75, 24-120 రెండూ ఒక రోజుకి తీసుకున్నాను. ఎంగిలిపూల బతుకమ్మ రోజు ఎంచుకున్నాను కావాలనే. పొద్దున రామప్ప, సాయంత్రం వేయిస్తంభాల గుడి. నా ఫొటోల్లో ఉండే కష్టాలన్నీ ఆ ఒక్క రోజులో ఉంటాయి.

రామప్ప గుడి హన్మకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, పాలంపేటలో. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. ఎప్పుడు వెళ్లినా నా కళ్లు ముందు మదనికల మీదికే పోతాయి. చూరు కింద, స్తంభాల పై భాగాన, ఒంటిని విల్లులా వంచి నిలబడిన ఆ నల్లరాతి అమ్మాయిలు తల బాగా ఎత్తితే గానీ కనిపించరు. 75 దగ్గర మదనిక చుట్టూ చూరు, ఆకాశం కూడా వచ్చేశాయి, తర్వాత కత్తిరించుకోవాల్సి వచ్చింది. 120 దగ్గర ఆమె మెడలో హారం గింజలు, చేతి గాజులు ఫ్రేమ్ నిండా వచ్చాయి. నేను ఎన్నోసార్లు చూసిన శిల్పమే, కానీ ఆ గాజుల అంచులు అంత స్పష్టంగా అంతకుముందు చూడలేదు.

లోపల రంగమండపం చీకటి. ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి, కాబట్టి చేత్తో పట్టుకునే తీయాలి. 24-120లో విడిగా వణుకు ఆపే స్టెబిలైజేషన్ లేదు, జెడ్5 సెన్సర్‌కే ఉంది. 24 దగ్గర, ఎఫ్4, సెకనులో ఎనిమిదో వంతు, ఊపిరి బిగబట్టి తీస్తే పది ఫొటోల్లో ఏడు స్తంభం చెక్కడంతో సహా నిక్కచ్చిగా వచ్చాయి. రాయి కదలదు కదా, 2.8 అవసరమే పడలేదు.

సాయంత్రం కథ వేరు. వేయిస్తంభాల గుడి దగ్గర తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పొద్దు కుంకింది. నేనూ రెండు చుట్లు ఆడి, పక్కకొచ్చి కెమెరా పట్టుకున్నాను. చేతులు కదిలిపోకుండా రావాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు దగ్గర ఉండాలి. స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. 28-75తో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగ్) 6400 సరిపోయిన చోట 24-120తో 12800 పెట్టాల్సి వచ్చింది. పెద్దది చేసి చూస్తే నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కల, తేడా కనిపిస్తుంది, దాచి చెప్పేదేం లేదు. ఫోన్‌లో, చిన్న ప్రింట్‌లో అయితే మా అత్తమ్మ రెండింటికీ తేడా చెప్పలేకపోయారు.

ఒక్క విషయం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. వెనకాల లైట్లు మసకబారడంలో ఎఫ్4 వెనకబడుతుందని భయపడ్డాను. 120ని 4తో భాగిస్తే 30, 75ని 2.8తో భాగిస్తే 27 లోపే. లెన్స్ లోపల తెరుచుకునే రంధ్రం వెడల్పు అది, మిల్లీమీటర్లలో. మొహం ఒకే సైజులో పెట్టి తీస్తే దూరాన ఉన్న బల్బులు 120లోనే కాస్త పెద్ద గుండ్రాలుగా వచ్చాయి. ఈ లెక్క ముందే తెలిసుంటే చాలా టెన్షన్ తప్పేది.

అలా 24-120 ఖాయమైంది. డబ్బు కలిసొస్తుందని ముందు సెకండ్ హ్యాండ్ చూశాను. ఒకాయన ఇంటికెళ్తే పైకి కొత్తదానిలా మెరుస్తోంది. వెనక మూత తీసి, అటు వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్. వానాకాలం తేమలో మూసిన బ్యాగులో పెట్టేస్తే పట్టేది ఇదే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు దయచేసి టార్చ్ లేకుండా వెళ్లకండి. ఇంకో షాపులో చాలా తక్కువ ధర చెప్పారు గానీ, మన దేశపు వారంటీ కార్డు ఏదంటే జవాబు రాలేదు. చివరికి రెండు నెలలు ఆగి, హైదరాబాద్‌లో బిల్లుతో, వారంటీతో కొత్తదే కొన్నాను. ఇప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పడుకుంటుంది.

630 గ్రాములు, కెమెరాతో కలిపి 1,300 దాటుతుంది. మెడకు వేసుకుంటే సాయంత్రానికి నొప్పి పుడుతుంది, భుజానికి అడ్డంగా వేసుకునే పట్టీ కొన్నాక తగ్గింది. 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లొచ్చు కాబట్టి గునుగు పువ్వు ఒక్కటే ఫ్రేమ్‌లో పెట్టి తీయగలుగుతున్నాను. పిట్ట ఎప్పుడైనా కనిపిస్తే డీఎక్స్ క్రాప్ (సెన్సర్ మధ్య భాగాన్నే వాడే సెట్టింగ్) నొక్కితే 120 కాస్తా 180 అవుతుంది, సుమారు 10 మెగాపిక్సెల్ మిగులుతుంది, నాకు చాలు.

రాత్రి ఇంట్లో పిల్లలు ఆడుకునేటప్పటి కోసం మాత్రం ఆరు నెలల తర్వాత 40 ఎఫ్2 తీసుకున్నాను. 170 గ్రాములు. సద్దుల బతుకమ్మకి రెండూ తీసుకెళ్లాను, చీకటి పడేదాకా 24-120, పడ్డాక 40.