పంపు పోలేదు, గాలి పట్టింది

మా టయోటా క్వాలిస్ బండి 2004లో నాన్న కొన్నది. ఈ మోడల్ 2000లో వచ్చి, 2005లో ఇన్నోవా రావడంతో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద ఏ క్వాలిస్ కనిపించినా అది పాత బండే. మాది ఖమ్మం. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ ఇందులోనే వెళ్లొచ్చాం. వెనక ఎదురెదురు సీట్లలో పిల్లలు, వాళ్ల కాళ్ల దగ్గర బెల్లం బుట్టలు. దారిలో ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. ఎండాకాలం మొదలయ్యాక మాత్రం పొద్దున్నే స్టార్ట్ కాకుండా మొరాయించడం మొదలుపెట్టింది.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ జోరుగానే తిరుగుతుంది, కానీ అందుకోదు. అలా కొట్టగా కొట్టగా ఒకసారి దగ్గి, వణికి, అప్పుడు అందుకుంటుంది. ఒక్కసారి స్టార్ట్ అయిందంటే సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఆపినా ఢోకా లేదు. మళ్లీ తెల్లారితే అదే కథ.

టెన్షన్ ఎందుకంటే ఆర్‌సీ రెన్యువల్ దగ్గర పడింది. సొంత కారుకు మొదట పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి చేయించాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజును 600 నుంచి 5000 రూపాయలకు పెంచారు. అంత కట్టి తీసుకెళ్లి, ఇన్‌స్పెక్టర్ ముందు స్టార్ట్ కాకపోతే పరువు పోతుంది. ఇంట్లో అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది. నాన్న విననట్టే ఊరుకున్నారు.

ఒక షెడ్డులో చూపిస్తే హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడెక్కించేవి) పోయాయన్నారు. ఇంకోచోట సెల్ఫ్ కొట్టి చూసి, "పంపు పోయింది సార్, విప్పి చేయించాలి, ముప్పై వేల దాకా అవుతుంది" అన్నారు. పాత డీజిల్ బండి స్టార్ట్ కాకపోతే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇంజిన్‌కు డీజిల్ కొట్టే ఈ పంపే. నాకు ఆ మాట మింగుడు పడలేదు. పంపు నిజంగా అరిగితే వేడి మీదే ఎక్కువ బాధ పెట్టాలి, మాది వేడి మీద బంగారంలా అందుకుంటోంది.

ఈ బండిలో కంప్యూటర్ లేదు, స్కానర్ పెట్టడానికి ఏమీ ఉండదు. 2446 సీసీ డీజిల్ ఇంజిన్, మెకానికల్ పంపు. డీజిల్, గాలి, వేడి అందితే చాలు నడుస్తుంది. అందుకే ఇంట్లోనే చూద్దామనుకున్నా.

ముందు సైలెన్సర్ దగ్గర నా తమ్ముణ్ణి నిలబెట్టి నేను సెల్ఫ్ కొట్టాను. "పొగేమైనా వస్తోందారా?" అంటే, "ఏం రావట్లేదు అన్నా" అన్నాడు. నా దృష్టిలో సగం పని అక్కడే తేలిపోయింది. డీజిల్ సిలిండర్‌లోకి వెళ్లి, వేడి చాలక మండకపోతే తెల్లటి పొగ రావాలి. ఏ పొగా లేదంటే డీజిలే అందడం లేదన్నమాట. పైగా ఖమ్మం ఎండల్లో, తెల్లవారుజామున కూడా ఉక్కపోసే రోజుల్లో, హీటర్ ప్లగ్గులు ఇంతగా ఏడిపించవు.

అయినా అనుమానం మిగలకూడదని ప్లగ్గులూ చూశాను. నాలుగింటినీ కలుపుతూ పైన ఒక లోహపు పట్టీ ఉంటుంది. దాన్ని తీయకుండా మీటర్ పెడితే ఒకటి బాగున్నా నాలుగూ బాగున్నట్టే చూపిస్తుంది. పట్టీ తీసి ఒక్కో ప్లగ్గు కొనకూ ఇంజిన్ బాడీకీ మధ్య చూస్తే అన్నీ ఒక ఓమ్‌కు అటూ ఇటూగా ఉన్నాయి. పోయిన ప్లగ్గయితే మీటర్ అసలు కదలదు. కాంటాక్ట్ ఆన్ చేసినప్పుడు పట్టీ మీదకు కరెంటు వస్తోందో లేదో టెస్ట్ బల్బుతో చూశా, వస్తోంది. పంపు మీద డీజిల్ ఆపే సోలినాయిడ్‌ (కరెంటుతో పనిచేసే వాల్వు) కూడా కాంటాక్ట్ ఆన్ చేయగానే టక్‌మంది.

అసలు ఆధారం పట్టిచ్చింది నాన్న. మా పోర్టికోలోకి వీధి నుంచి బాగా ఎత్తు ఎక్కాలి. "రివర్స్‌లో పెట్టిన మర్నాడు బాగానే అందుకుంటోంది, చూశావా?" అన్నారు. డీజిల్ ట్యాంకు వెనక కింద ఉంటుంది, ఫిల్టరూ పంపూ ముందు పైన. బండి ముక్కు పైకి ఉంటే ఆ ఎత్తు ఇంకా పెరుగుతుంది. లైన్లో ఎక్కడైనా గాలి దూరే సందుంటే రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున పంపు మొదట గాలే లాగుతుంది. ముక్కు కిందికి ఉంటే అంతగా జారదు. దాంతో పంపు మీద నేరం దాదాపు కొట్టేసినట్టే.

మర్నాడు పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఫిల్టర్ పైన ఉండే చేతి పంపు నొక్కాను. మొదట మెత్తగా, ఏ బలమూ తగలకుండా దిగిపోయింది. నొక్కుతూ పోతే కాసేపటికి బిగిసి, బొటనవేలు నొప్పి పుట్టేంత గట్టిపడింది. అప్పుడు కొడితే మొదటి సెల్ఫ్‌కే అందుకుంది.

గాలి పట్టిందని తేలింది, ఎక్కడన్నది తేలాలి. టూవీలర్ స్పేర్ పార్టుల షాపులో పారదర్శకంగా ఉండే పెట్రోల్ పైపు తెచ్చి ఫిల్టరుకూ పంపుకూ మధ్య తగిలించా. స్టార్ట్ చేయగానే పైపులో బుడగలు వరసగా పోతున్నాయి. ఇక ట్యాంకును పక్కన పెట్టాలి. ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, ట్యాంకు నుంచి వచ్చే పైపు బదులు డబ్బాలోంచి పైపు ఫిల్టరుకు ఇచ్చాను. చాలామంది ఈ డబ్బాను బానెట్ మీదో ఇంకెక్కడో ఎత్తులో పెడతారు. అలా పెడితే డీజిల్ దానంతటదే దిగుతుంది, ఫిల్టర్ దగ్గర సందున్నా గాలి లోపలికి రాదు, సంగతి తేలదు. డబ్బా నేల మీదే ఉండాలి, పంపు కష్టపడి లాగాలి. ఇంకోటి, మిగులు డీజిల్ రిటర్న్ పైపు నుంచి ట్యాంకుకే పోతుంది కాబట్టి డబ్బా అనుకున్నదానికంటే త్వరగా ఖాళీ అవుతుంది.

బుడగలు ఆగిపోయాయి. రాత్రంతా అలాగే వదిలేస్తే పొద్దున మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్. అంటే ఫిల్టర్, చేతి పంపు, అసలు పంపు అన్నీ నిర్దోషులే. మిగిలింది ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న లైను. చాసిస్ వెంట ఇనుప గొట్టం, దానికి రెండు చివర్లా రబ్బరు ముక్కలు. చక్రాలకు రాళ్లు పెట్టి, ట్యాంకు వైపు కింద దూరి చూశా. రబ్బరు పైకి పొడిగా, దుమ్ము పట్టి, ఏ లోపమూ లేనట్టే ఉంది. క్లిప్పు వదులు చేసి వంచితే మాత్రం, సరిగ్గా క్లిప్పు కింద, సన్నటి పగుళ్లు నోళ్లు తెరిచాయి. లాగే వైపు పైపుకు పగులొస్తే గాలి లోపలికి పోతుంది గానీ డీజిల్ బయటికి కారదు. కింద చుక్క పడకపోతే పైపు మీద అనుమానం ఎవరికొస్తుంది?

డీజిల్ తట్టుకునే హోస్ అని అడిగి మరీ తెచ్చా. మామూలు నీళ్ల పైపు వేస్తే కొన్నాళ్లకే ఉబ్బి మెత్తబడిపోతుంది. రెండు చివర్లా కొత్త ముక్కలు, కొత్త క్లిప్పులు. చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేశాం. పారదర్శక పైపును ఆ వారమంతా ఉంచి, ఒక్క బుడగా లేదని నమ్మకం కుదిరాకే తీసేశా. అది శాశ్వతంగా ఉంచే పైపు కాదు, ఇంజిన్ వేడికి గట్టిపడి పగులుతుంది. హోస్, క్లిప్పులు, పైపు అన్నీ కలిపినా వెయ్యి రూపాయలు కాలేదు.

పనిలో పనిగా రేడియేటర్ మూత కూడా మార్చాను. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ పై హోస్ లోపలికి అణిగిపోయి కనిపించేది. మూతలోని చిన్న వాల్వు పట్టేస్తే అలా అవుతుంది.

రెన్యువల్‌కు తీసుకెళ్లిన రోజు బండి మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఆర్‌సీ 2029 దాకా ఉంది. ఈ మధ్య ఎడమ వెనక చక్రం లోపలి వైపు తడి కనిపిస్తోంది, బహుశా బ్రేకు వీల్ సిలిండర్ కారుతోంది. బ్రేకుల జోలికి మాత్రం నేను పోను, అది షెడ్డుకే.