అమ్మకి పండరీపురం, నాకు అక్లూజ్

రెండేళ్ళుగా నా ఫోన్‌లో ఒక మ్యాప్ ఉంది. మన దేశంలో వైన్ తయారయ్యే చోట్లన్నీ గుర్తు పెట్టుకున్నాను అందులో. నాసిక్ చుట్టూ గుంపుగా బోలెడు, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఒకటి, బెంగుళూరు పైన నంది కొండల దగ్గర కొన్ని. నేను తాగేది తక్కువే, పండు పులిసి ఇంకోటిగా మారడం చూడాలన్నదే సరదా. కానీ శ్రీకాకుళంలో మా ఇంట్లో "సారా బట్టీలు చూడ్డానికి వెళ్తున్నా" అన్నట్టే వినిపిస్తుంది కదా ఇది.

దారి చూపించింది మా బావే. మ్యాప్ చూసి, "ఏట్రా బామ్మర్దీ, అక్లూజ్ పక్కనే పండరీపురం ఉంది, నాసిక్ పక్కనే త్ర్యంబకం ఉంది, అత్తని తీసుకుపోతే అడిగేవోడెవడు?" అన్నాడు. నిజమే, షోలాపూర్ నుంచి అక్లూజ్ వెళ్ళాలంటే పండరీపురం మీదుగానే పోవచ్చు. అలా అమ్మ, అక్క, బావ, నేను, నాలుగు టికెట్లు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మనకి శ్రీకాకుళం రోడ్‌లో ఆగుతుంది (పేరుకి శ్రీకాకుళం రోడ్, స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో), రాత్రి ఎక్కితే మర్నాటికి షోలాపూర్‌లో దిగొచ్చు.

ప్లాన్‌లో నేను చేసిన మంచి పని ఒకటి, చెత్త పని ఒకటి.

మంచి పని, వేసవి సెలవుల్లో పెట్టకపోవడం. యూరప్‌లో ద్రాక్ష కోతలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా. అక్కడ చలికి తీగ ఆకు రాల్చేసి నిద్రపోతుంది. ఇక్కడ అంత చలి ఎక్కడిది, ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది, అందుకని రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, కొమ్మ కోసం. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి, కాయ కోసం. అప్పుడు పండు సరిగ్గా ఎండ పగళ్ళు, చలి రాత్రుల మధ్య పండుతుంది. జూన్‌లో వెళ్ళుంటే ఆకులు, బురద చూసి వచ్చేవాళ్ళం.

చెత్త పని, రిపబ్లిక్ డే సెలవులు కలిసొస్తాయని నాసిక్‌లో మొదటి రోజు సరిగ్గా జనవరి 26న పెట్టడం. ఆ రోజు డ్రై డే, అంటే మందు అమ్మని రోజు అని టికెట్లు తీసిన వారానికి గుర్తొచ్చింది. బావ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. సరే, ఆ రోజు త్ర్యంబకానికి రాసేసి, వైన్‌ని 27కి తోశాను.

పండరీపురంలో అమ్మ క్యూలో మూడు గంటలు నిలబడింది, ఒక్కసారి కూడా కూర్చుంటాననలేదు. అక్కణ్ణించి అక్లూజ్ కారులో గంట పైన, దారి పొడుగునా చెరుకే. అంత చెరుకు మధ్య ద్రాక్ష ఎవరికి తోచిందిరా అనుకున్నాను. అక్కడి వైన్ కంపెనీ పేరు ఫ్రాటెల్లి, అంటే ఇటాలియన్‌లో అన్నదమ్ములని అర్థం. ఒక ఇటాలియన్ కుటుంబం, ఒక ఢిల్లీ కుటుంబం, అక్లూజ్ మోహితే పాటిళ్ళు, మూడిళ్ళ అన్నదమ్ములు కలిసి పెట్టారు. అమ్మకి ఈ ముక్క నచ్చింది, "మనూళ్ళో సొంత అన్నదమ్ములే గట్టు కాడ కొట్టుకుంటారు" అంది.

త్ర్యంబకంలో జనం ఇసకేస్తే రాలనంత. అయినా బ్రహ్మగిరి కింద కుశావర్తం మెట్ల మీద అమ్మ చాలాసేపు కూర్చుంది. రాజమండ్రి వంతెన మీద రైలు ఎంతకీ దాటని గోదారి, ఇక్కడ ఓ కోనేరు. "ఇంతేనా?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు గంగాపూర్ డ్యామ్ వైపు, అదీ గోదారి మీద కట్టిందే, సులా తోటలకి వెళ్ళాం. రాజీవ్ సామంత్ అనే ఆయన అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చి, 1999లో మొదలుపెట్టిన కంపెనీ. వాళ్ళమ్మ పేరు సులభ, దాంట్లోంచి సులా. ఈ సంగతి నేను అమ్మకి కావాలనే ముందు చెప్పాను.

కోత నడుస్తోంది. ఒకచోట క్రేట్లలోంచి గుప్పెడు షిరాజ్ రకం ద్రాక్షపళ్ళు మా చేతిలో పెట్టారు. మనం బజారులో కొనే ద్రాక్షలో సగం ఉంటుందేమో, తోలు మందం, లోపలంతా గింజలే, కానీ తీపి మాత్రం నాలిక అంటుకుపోయేంత. అమ్మ నాలుగు నమిలి గింజలు అరచేతిలోకి ఊసి చూసుకుంది, వేళ్ళు నేరేడు పళ్ళు తిన్నట్టు ఊదాగా అయిపోయాయి. "ఇది తినే పండు కాదు" అని తీర్పిచ్చింది. ఎర్ర వైన్‌కి ఆ రంగు తోలుదే, రసంలో ఏమీ ఉండదు, అందుకే తోలుతో కలిపి పులియబెడతారు. తెల్లదానికి ముందే పిండేసి రసం ఒక్కటే పులియబెడతారు.

స్టీలు ట్యాంకుల గదిలో చలికి అక్క చున్నీ కప్పుకుంది. ఇంత చల్లగా ఎందుకంటే, వేడికి వదిలేస్తే పులియడం గబగబా సాగి వాసన పోతుందట, తెల్ల వైన్‌ని 15 డిగ్రీల అటూ ఇటూగా ఉంచి రోజుల తరబడి నెమ్మదిగా నడిపిస్తారట. అమ్మ పుట్టిల్లు ఉద్దానం. "పొద్దున్న దింపిన కల్లు మజ్జానానికే పొంగుతాది, తియ్యగా ఉండాలంటే కుండకి సున్నం పూస్తారు, అదే కదా వీళ్ళు ఇంత కరెంటు పెట్టి చేస్తన్నారు" అంది. గైడ్‌కి హిందీలో అనువదించి చెప్తే అతను నోట్ చేసుకున్నాడు. నాకు మాత్రం ఉద్దానం జీడితోటలు గుర్తొచ్చాయి. గోవాలో జీడిపండు రసంతో ఫెనీ తీస్తారు, మనవాళ్ళు పిక్క కోసుకుని పండు చెట్టు కిందే పడేస్తారు. కుళ్ళిన ఆ వాసన మా చిన్నప్పటి వేసవి సెలవుల వాసన.

రుచి చూసే చోట అమ్మ, అక్క బాల్కనీలో టీ తాగారు. మేం బల్ల దగ్గర. సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్ ఒక గుక్క తాగి బావ, "తరవాణిలో నిమ్మకాయ పిండినట్టుందిరా" అన్నాడు. పక్కన ముంబై పిల్లలు పాషన్ ఫ్రూట్, పచ్చి గడ్డి అని ఏవేవో చెప్పుకుంటున్నారు. నాకైతే బావ మాటే దగ్గరగా అనిపించింది. రెండో గ్లాసుకి, చెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్‌కి వచ్చేసరికి ఆయన విమర్శ ఆపేశాడు.

ఇంకో చోట మాత్రం దెబ్బ తిన్నాం. పది రోజుల ముందు బుక్ చేసి డబ్బు కట్టినా, వెళ్ళాక ఈరోజు టూర్ లేదు, కోత పని ఉందన్నారు, గేటు దగ్గరే గంట నిలబెట్టారు. కోతల కాలంలో వెళ్ళేవాళ్ళు ముందురోజు ఫోన్ చేసి మళ్ళీ ఖాయం చేసుకోండి. రోజుకి రెండు చోట్ల కన్నా ఎక్కువ పెట్టుకోవద్దు, మూడో దాంట్లో నాలిక ఏదీ చెప్పదు. సీసాలు తేలేదు, రైలు, రాష్ట్రాల రూల్సు, ఆ టెన్షన్ ఎందుకని. రెండు కేజీల కిస్‌మిస్ తెచ్చాం.

ఇంటికొచ్చిన మూడో రోజు, నేను ఫోన్‌లో నంది కొండలు చూసుకుంటుంటే అమ్మ వెనక నుంచి వచ్చి, "అక్కడ గుడి ఏటుంది?" అనడిగింది. భోగ నందీశ్వరుడు అన్నాను. కాసేపు చూసి, "ఈసారి ఇరవయ్యారు చూసుకుని తియ్యి టికెట్లు" అంది.