పడమటి గోడ పక్కన గడ్డి దుబ్బులు: పదహారో నెల

బోడుప్పల్‌లో మా ఇంటి పడమటి గోడ వెంబడి నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు నేల ఉంది. అడుగు తవ్వితే మొరం. అక్కడ వేసిన లాన్ వరుసగా రెండు ఎండాకాలాలు మాడిపోయింది. మార్చి వచ్చేసరికి బోరు వెనకా ముందూ ఆడే కాలనీలో దానికి నీళ్లు పోయడం నాకు మనసొప్పలేదు. పోయినేడు జూన్‌లో తొలకరి పడగానే మన నేలలో పుట్టిన గడ్డి రకాలు పెట్టాను.

ముందు వట్టివేరు. అడుగుకొకటి చొప్పున ఒకే వరుసలో 20 పిలకలు. ఆకు జానెడు, వేరు నాలుగు వేళ్లంత ఉంచి కోశాను. గుంతలో ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు. మూడు పిలకలు చచ్చాయి, వాటి వేర్లు తెచ్చేటప్పుడే ఎండిపోయాయి. మళ్లీ తెచ్చినవాటిని రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచి నాటాను, అన్నీ నిలిచాయి. మొదటి నెల రోజు విడిచి రోజు నీళ్లు పోశాను, ఈ మే నెలలో వారానికోసారి సరిపోయింది. అంతకంటే నాకు సంతోషం ఇంకొకటి: పెద్ద వాన పడితే గేటు కిందనుంచి పారే ఎర్రనీళ్లు ఈ ఏడు తేటగా వస్తున్నాయి. మట్టి దుబ్బుల దగ్గరే ఆగుతోంది.

రెల్లు మాత్రం ఊరుకునే గడ్డి కాదు, నేల కింద కాండం పాకించుకుంటూ పోతుంది. అందుకే సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి, అంచు రెండంగుళాలు పైకి ఉండేలా పాతాను. అయినా ఆగస్టులో జానెడు దూరంలో మొలక కనిపించింది. నీళ్లు పోవడానికి అడుగున చేసిన పెద్ద రంధ్రంలోంచి వచ్చింది. డ్రమ్ము పైకి తీసి, ఆ రంధ్రం మూసి, సన్నవి నాలుగు చేసి, కింద కంకర పోశాను. ఇప్పుడు తెల్లటి వెన్నులు గోడ దాటి ఊగుతున్నాయి. అత్తమ్మ చూసి "మా ఊళ్లె గుడిసెలకు ఇదే గడ్డి కప్పేటోళ్లం" అంది. సాయంత్రం ఎండలో ఆ పూత ముందు ఏ కొనుక్కొచ్చిన మొక్కా నిలవదు.

తుంగ దగ్గరే దెబ్బ తిన్నాను. చెరువు గట్టు నుంచి తెచ్చిన నీటి తుంగ తొట్టిలో బాగానే పెరిగింది. ఏసీ నీళ్లు దానికే పోతాయి, దోమలు రాకుండా గప్పీ చేపలు వేశాను. మిగిలిన బురద వట్టివేరు మధ్య పోయడం తప్పయింది. నెలలో కలుపు తుంగ కమ్మేసింది. కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగిలాయి, గడ్డి కాడైతే గుండ్రంగా ఉండేది. పైన పీకితే ముస్తలు, అంటే దాని చిన్న దుంపలు, లోపలే ఉండి మళ్లీ మొలుస్తాయి. గునపంతో అడుగు లోతు తవ్వి ఒక్కొక్కటీ ఏరాను, మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పటికీ వారానికి రెండు మూడు మొలకలు తీస్తున్నాను.

ఫిబ్రవరిలో దుబ్బులన్నీ కొడవలితో జానెడుకు కోస్తాను. రెల్లు ఆకు అంచు చేతులు కోస్తుంది, పొడుగు చేతుల చొక్కా తప్పదు. కోసిన ఆకు మల్లె పాదుల్లో పరుస్తాను. జూన్‌లో రెండు వట్టివేరు దుబ్బులు విడదీయాలి, పక్కింటి వాళ్లకు పది పిలకలు ఇస్తానన్నాను.